స్పెషల్ క్లాసా, రెగ్యులర్ క్లాసా?

ప్రశ్న: మా బాబుకు 12 ఏళ్లు, ఆరో తరగతి. స్వల్ప స్థాయి మేధో వైకల్యం ఉందని పరీక్షల్లో తేలింది. ఐక్యూ 62. వచ్చే ఏడాది స్పెషల్ క్లాస్‌లో వేద్దామని స్కూలువాళ్లు అంటున్నారు. అందులో వేస్తే వాడి జీవితం అక్కడితో ఆగిపోతుందని మావారి బాధ. కానీ ఇప్పుడున్న క్లాసులో పాఠాలు అందక రోజూ ఏడుస్తున్నాడు. ఇంట్లో మాత్రం బట్టలు చక్కగా మడతపెడతాడు, చొక్కాలు, తువ్వాళ్లు వేరువేరు దొంతరలుగా సర్దుతాడు. రేపు ఏదైనా ఉద్యోగం చేసుకోవాలంటే ఎక్కడ ఉంచాలి?

జవాబు: అమ్మా, మీవారి భయమూ నిజమే, బాబు ఏడుపూ నిజమే. ముందు ఆ 62ను కాస్త పక్కన పెడదాం. మేధో వైకల్యాన్ని ఇప్పుడు ఐక్యూ ఒక్కదాన్ని బట్టి తేల్చరు. చదువూ లెక్కలూ, నలుగురితో మెలగడం, రోజువారీ పనులు, ఈ మూడింట్లో పిల్లవాడికి ఎక్కడ ఎంత సాయం కావాలో చూస్తారు. ఆ సాయం అన్ని చోట్లా ఒకేలా ఉండదు కాబట్టి రోజంతా ఒకే గదిలో కూర్చోబెట్టాల్సిన పని లేదు. లెక్కలు, చదవడం స్పెషల్ క్లాస్‌లో నేర్చుకుని, ఆటలు, సంగీతం, బొమ్మలు, సైన్స్ ప్రయోగాల పీరియడ్లకు తోటి పిల్లల దగ్గరికి వెళ్లొచ్చు. స్కూలుతో మీరు మాట్లాడాల్సింది ఈ టైమ్‌టేబుల్ గురించి.

అయితే పక్కన కూర్చున్నంత మాత్రాన కలిసినట్టు కాదు. ఒకసారి ఒక రెగ్యులర్ క్లాస్‌లో వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. అక్కడ మీవాడిలాంటి ఒక బాబు పక్కన సహాయకురాలు ఉంది. నోట్‌బుక్ ఆమే తెరిచింది, తేదీ ఆమే వేసింది, జవాబూ ఆమే రాసింది. వాడు పెన్సిల్ చెక్కుతూ ఉన్నాడు. గంట కొట్టేదాకా టీచర్ గానీ పిల్లలు గానీ వాడిని ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు. రికార్డులో మాత్రం అది కలిపి చదివించడమే! నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బ్రిటన్‌లో వైకల్యం ఉన్న పిల్లల చదువుపై వేసిన మేరీ వార్నాక్ కమిటీ 1978లో ఈ తేడాను చక్కగా విడదీసి చెప్పింది: ఒకే ఆవరణలో ఉండటం, తినడం ఆడుకోవడం కలిసి చేయడం, పాఠంలోనే కలిసి పాలుపంచుకోవడం. నేను చూసిన ఆ బాబు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాడు. మీవాడికి ఏ పీరియడ్‌లో ఏ మెట్టు సాధ్యమో టీచర్లతో కూర్చుని రాయించుకోండి. ఇటలీ 1977లో చట్టం చేసి ప్రత్యేక తరగతులనే ఎత్తేసింది. అయితే దాంతోపాటే రెగ్యులర్ క్లాసులకు సపోర్ట్ టీచర్లనూ ఇచ్చింది. ఆ సాయం లేకుండా పిల్లవాడిని కలిపేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇక ఉద్యోగం. ఈ పిల్లలకు ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట వాడటం కష్టం. స్పెషల్ క్లాస్‌లో ఉత్తుత్తి నాణేలతో చిల్లర లెక్కపెట్టిన పిల్లవాడు నిజం కొట్టు ముందు తడబడతాడు. అందుకే చాలా చోట్ల ముందు అసలు పనిలో పెట్టి, పక్కన జాబ్ కోచ్‌ను ఉంచి నేర్పిస్తారు. కోచ్ మెల్లమెల్లగా పక్కకు తప్పుకుంటాడు. పనిలో నిలబడటానికి పెద్ద చదువుకంటే ముందు కావాల్సినవి కొన్ని ఉన్నాయి: టైముకు రావడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, తెలియకపోతే అడగడం, పొరపాటు చెబితే తట్టుకోవడం. ఇవి తోటి పిల్లల మధ్యే బాగా వస్తాయి. మీవారి మాటలో నేను గట్టిగా సమర్థించే భాగం ఇదే.

బట్టల సంగతి ఒక్క లైన్లో రాసి వదిలేశారు గానీ, నేను అక్కడే ఆగిపోయాను. రకాల వారీగా వేరు చేయడం, వరస తప్పకుండా చివరిదాకా చేయడం. లాండ్రీలో, గోదాములో, లైబ్రరీలో జీతమిచ్చి చేయించుకునే పని అది. స్కూలు లైబ్రరీలో వారానికి రెండు పీరియడ్లు పుస్తకాలు సర్దే పని అడగండి. స్పెషల్ క్లాస్ అమ్మాయి ఒకామెకు ఇలాగే పని ఇప్పించాం. మూడో వారానికి తనంతట తనే లైబ్రేరియన్ దగ్గరికి వెళ్లి ‘మేడమ్, స్టిక్కర్ ఊడింది, కొత్తది ఇవ్వండి’ అని అడిగింది. అంతకుముందు పెద్దవాళ్ల ముందు నోరు విప్పేది కాదు.

అమెరికాలో పిల్లలకు 16 ఏళ్లు వచ్చేసరికి స్కూలు తర్వాత జీవితానికి ప్లాన్ రాయాలని చట్టమే చెబుతోంది. మీరు ఇప్పుడే మొదలుపెట్టండి. స్పెషల్ క్లాస్‌కు ఒప్పుకుంటే ఏ లక్ష్యం కోసమో, మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారో కాగితం మీద ఉండాలి. ఏడాదికి ఒకసారైనా సరే, నాకైతే మొదటి ఏడాది మూడు నెలలకోసారి చూడటం మంచిదనిపిస్తుంది. ఏడుపు తగ్గిందా, ఒక స్నేహితుడి పేరైనా చెబుతున్నాడా, నిరుడు చేయలేని ఏ పని ఇప్పుడు సొంతంగా చేస్తున్నాడు, ఇవి చూడండి.

ఆ మీటింగ్‌కు బాబునూ తీసుకెళ్లండి. ఏ పీరియడ్ ఇష్టమో, ఎవరి పక్కన కూర్చుంటాడో వాడినే అడగమనండి. జవాబు చెప్పడానికి టైమ్ పడుతుంది. మీరు అందించకుండా ఆగండి.