సంతకానికి ముందు ఆరో పేజీ

ప్రశ్న: మాది ఒంగోలు. పదిహేనేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా అబ్బాయి రెండో సంవత్సరం పీయూసీ చదువుతున్నాడు, మార్చి నెలాఖరుకు పద్దెనిమిది నిండుతాయి. బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, అదే బీజీఎంఐ అనే ఫోను గేమ్, బాగా ఆడతాడు. ఒక టీమ్ మూడేళ్ల ఒప్పందం పంపింది. నెలకు 30,000 జీతం, వాళ్ల బూట్‌క్యాంప్‌లోనే, అంటే టీమ్ అంతా కలిసి ఉండి సాధన చేసే ఇంట్లోనే, ఉండాలి. మూడేళ్లయ్యాక ఫ్రీ ఏజెంట్ అవుతానని, అప్పుడు పెద్ద టీమ్‌లు లక్షలు పోసి తీసుకుంటాయని వాడి లెక్క. నేను గార్డియన్‌గా సంతకం పెట్టాలట. వద్దంటే అన్నం మానేస్తున్నాడు. ఇంజినీరింగ్ మంచిదా, ఇది మంచిదా? రెండూ పోల్చి చెప్పండి మేడమ్.

జవాబు: మీరు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు చూశానండీ. ఒప్పందం మొత్తం తొమ్మిది పేజీలు. అయిదో పేజీ మీద కాఫీ కప్పు మరక గుండ్రంగా పడి ఉంది, ఆరో పేజీ రెండుసార్లు వచ్చింది, ఏడో పేజీ అసలు రాలేదు. పేజీలు లెక్క చూసుకోలేదంటే చదవనూ లేదని అనుకుంటున్నాను. తప్పయితే మన్నించండి. కానీ ఆరో పేజీ చదివిన తండ్రి ఎవరూ ఇంజినీరింగ్‌తో పోల్చి చెప్పమని నన్ను అడగరు.

ఆ పేజీలో మూడు షరతులున్నాయి. మూడేళ్లు పూర్తయ్యాక ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు టీమ్‌ది, అబ్బాయి ఒప్పుకోలుతో పనిలేదు. ఆ తర్వాత వేరే టీమ్ ఎంత ఇస్తానన్నా ముందు వీళ్లకు చూపించాలి, వీళ్లూ అంతే ఇస్తే వీళ్ల దగ్గరే ఉండిపోవాలి. మధ్యలో వెళ్లాలంటే విడుదల రుసుము 12 లక్షలు. నెలకు 30,000 చొప్పున మూడేళ్ల జీతం కూడి చూడండి: 10 లక్షల 80 వేలు. మీవాడు టీ కూడా తాగకుండా మొత్తం దాచినా తన విడుదలను తాను కొనుక్కోలేడు.

ఫ్రీ ఏజెంట్ అంటే ఒప్పందం గడువు తీరి ఏ టీమ్‌కూ కట్టుబడి లేని ఆటగాడు. కొత్త టీమ్ పాత టీమ్‌కు రూపాయి కట్టకుండా అతన్ని తీసుకోవచ్చు. అలా మిగిలిన డబ్బులో కొంత ఆటగాడి జీతంలోకి వస్తుంది. ఇంతవరకు మీవాడి లెక్క సరైనదే. అయితే ఆ లెక్క టీమ్ యజమానికీ తెలుసు. ఫుట్‌బాల్‌లో 1995లో బాస్మన్ అనే ఆటగాడి కేసు తీర్పుతో ఐరోపాలో ఒప్పందం ముగిసిన ఆటగాళ్లకు ఈ స్వేచ్ఛ వచ్చింది. క్లబ్బులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఒప్పందాలు పొడవు చేశాయి, చివరి ఏడాది రాకముందే కొత్త సంతకం అడగడమో, అమ్మితే డబ్బు వచ్చే వేళలోనే అమ్మేయడమో నేర్చుకున్నాయి. మీ ఆరో పేజీ ఆ తెలివికి చిన్న తమ్ముడు. టీమ్‌ను నేను తిట్టడం లేదు. ఇల్లు అద్దెకు తీసుకుని, వంటమనిషిని పెట్టి, కోచ్‌కు జీతమిచ్చి ఒక కుర్రాడిని తయారు చేస్తే, వాడు ఉత్త చేతులతో పక్క టీమ్‌కు వెళ్లిపోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. వాళ్ల జాగ్రత్త వాళ్లు చూసుకున్నారు. మీ జాగ్రత్త మీరు చూసుకోలేదు.

నియమాలు ఆటకొక రకంగా ఉంటాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌ను నడిపే రయట్ గేమ్స్ తన ప్రధాన లీగుల్లో ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో అందరికీ కనిపించేలా ప్రకటిస్తుంది. చాలా ఒప్పందాలు నవంబరులో ముగుస్తాయి. ఒప్పందంలో ఉన్న ఆటగాడితో వేరే టీమ్ చాటుగా బేరమాడితే శిక్ష ఉంటుంది. కౌంటర్ స్ట్రైక్‌లో అలాంటి ఉమ్మడి క్యాలెండర్ లేదు. పేరున్న ఆటగాళ్లు కూడా బెంచ్ మీద కూర్చుని, విడుదల రుసుము కట్టే టీమ్ కోసం ఎదురుచూసిన సందర్భాలున్నాయి. మన దగ్గర ఏ టోర్నీ రూల్‌బుక్ దానిదే. అందువల్ల ‘ఫ్రీ ఏజెంట్ అవుతాను’ అన్న మాటకు ఆ ఆట పేరు, ఆ టోర్నీ పేరు చేర్చకపోతే అర్థమే లేదు.

బెంచ్ అంటే మీకు నేను చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు లేకుండా క్యాంటీన్ చుట్టూ తిరిగే రోజులు మీ కంపెనీల్లో అందరూ చూసినవే. ఇక్కడి బెంచ్ అంతకంటే క్రూరమైనది. రెండేళ్ల కిందట జయనగర్‌లో నా గదికి ఒక కుర్రాడు వచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ కుడి బొటనవేలికి తొడుక్కునే బట్ట తొడుగును తీస్తూ, తొడుగుతూ ఉన్నాడు. ఎనిమిది నెలలుగా ఒకటో తారీఖున జీతం పడుతోంది, కానీ ఒక్క మ్యాచ్ ఆడనివ్వలేదు. వదిలేయమంటే రుసుము కట్టమన్నారు. ‘మేడమ్, డబ్బు వస్తోంది కదా అంటున్నారు ఇంట్లో’ అన్నాడు. పందొమ్మిదేళ్లవాడికి ఎనిమిది నెలలు ఆడకపోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. ఒప్పందం ముగిసి ఫ్రీ ఏజెంట్ అయిన రోజు రాత్రి ‘ఎల్ఎఫ్‌టీ’ అని పోస్టు పెట్టాడు, టీమ్ కోసం చూస్తున్నానని చెప్పుకునే గుర్తు అది. వంద మంది ‘ఆల్ ది బెస్ట్’ అన్నారు. టీమ్ ఏదీ పిలవలేదు.

ఈ మాట మీవాడికి చెప్పేవాళ్లు లేరు. ఎవరికైనా కావలసినవాడు ఫ్రీ ఏజెంట్ అయితే అది బేరం, కానివాడు అయితే నిరుద్యోగం. రెంటికీ ఒకటే పేరు. కొరియాలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాడు ఫేకర్ ఒప్పందం ముగిసే ఏడాది వస్తే ప్రపంచమంతా చెవులు రిక్కిస్తుంది. ఆయన మాత్రం 2013 నుంచి ఒకే సంస్థలో ఉండి, ఇప్పుడు 2029 వరకు సంతకం చేశాడు. వెళ్లగల దమ్ము ఉన్నవాడికి వెళ్లకపోయినా గౌరవమే.

ఇక నన్ను అన్నిటికంటే భయపెట్టేది వేరే. ఏ క్రీడలోనైనా ఆటగాడికి గాయం కావచ్చు, ఇక్కడ ఆటే మాయం కావచ్చు. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న నిషేధించారు. 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులై 28న అది స్టోర్ల నుంచి పోయింది, మళ్లీ 2023 మే నెలలో వచ్చింది. మధ్యలో ఫ్రీ ఫైర్ అనే ఇంకో ఆట 2022 ఫిబ్రవరిలో పోయింది. మూడేళ్ల ఒప్పందం రాసుకున్నవాళ్లు బీజీఎంఐ లేని ఆ పది నెలలు ఏం చేశారనుకుంటున్నారు? మీరు పంపిన ఎనిమిది పేజీల్లో ఆట ఆగిపోతే జీతం సంగతి ఏమిటో ఒక్క వాక్యం లేదు. ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను, అంటే ఇలా పోటీలుగా ఆడే వీడియో గేములను, క్రీడల శాఖ కిందికి తెచ్చింది, 2025 చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధిస్తూ ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది. మంచిదే. ఆ గుర్తింపు మీవాడి జీతానికి హామీ కాదు.

చట్టం విషయానికి వస్తాను. మీ సంతకంతో అబ్బాయి కట్టుబడిపోతాడని టీమ్ అనుకుంటోంది, మీరూ అనుకుంటున్నారు. పద్దెనిమిది నిండనివారి ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఆధారంగా 1903లోనే ప్రీవీ కౌన్సిల్, అంటే బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానం, తేల్చింది. సంతోషించకండి, ఆ కత్తికి రెండు వైపులా పదునే. మైనరు కూతురు సినిమాలో నటించేందుకు తండ్రి కుదుర్చుకున్న ఒప్పందం 1940ల చివర్లో బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. రాజ్ రాణి కేసు అంటారు. అది చెల్లదన్నారు, దాంతో ఆ అమ్మాయికి పరిహారం అడగడానికి హక్కు లేకుండా పోయింది. రేపు టీమ్ జీతం ఎగ్గొడితే మీవాడి గతీ అంతే కావచ్చు. పైగా ఎనిమిదో పేజీలో ‘నష్టపరిహారానికి గార్డియన్ బాధ్యుడు’ అని రాసి ఉంది. అబ్బాయి మైనరు, మీరు కాదు కదా.

పద్దెనిమిది నిండాక కథ వేరు. గడువు ముగిశాక కూడా ఎదుటివారి ప్రతిపాదనను మాకే ముందు చూపించాలన్న షరతును క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెల్లదంది. ఆరో పేజీలోని రెండో షరతు దాదాపు అదే. కానీ గడువు లోపల వదిలి వెళ్తే డబ్బు కట్టాలన్న షరతును తేలిగ్గా తీసుకోవద్దు. మూడేళ్లు నిండకముందే మానేసిన విజయా బ్యాంకు ఉద్యోగి 2 లక్షల బాండ్‌ను 2025 మే నెలలో సుప్రీంకోర్టు సమర్థించింది. 12 లక్షలు సబబా కాదా అన్నది కోర్టు చూస్తుంది, కోర్టు చూసేలోపు ఆటగాడి వయసు అయిపోతుంది. ఆ లోపల టోర్నీ నమోదులో మీవాడి పేరు పాత టీమ్ కిందే ఉంటే కొత్త టీమ్ తీసుకోదు. రిలీవింగ్ లెటర్ లేకుండా కొత్త కంపెనీ గేటు దాటడం ఎంత కష్టమో మీకు తెలుసు. నోటీస్ పీరియడ్ తొంభై రోజులా అరవై రోజులా అని మీరు హెచ్‌ఆర్‌తో ఎన్ని మెయిళ్లు నడిపి ఉంటారు! కొడుకు మూడేళ్ల కాగితం మాత్రం కాఫీ కప్పు కింద పెట్టుకున్నారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకున్నా సరే. బీజీఎంఐ 2023లో తిరిగి వచ్చినప్పుడు పద్దెనిమిది లోపువారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. టీమ్ కంట్లో పడే స్థాయికి మీవాడు రోజుకు మూడు గంటల్లోనే చేరాడా? ఎవరి వయసుతో, ఎవరి నంబరుతో ఆడుతున్నాడు? ఫోను కొనిచ్చినప్పుడు లేని భయం ఒప్పందం వచ్చాక పుట్టింది. అబ్బాయి అన్నం మానేసింది మీరు వద్దన్నందుకు కాకపోవచ్చు. రెండేళ్లుగా వాడేం ఆడుతున్నాడో ఒక్కసారైనా పక్కన కూర్చుని చూడనివారు ఇవాళ తీర్పు చెబుతున్నారని కావచ్చు.

మీ ఉత్తరంలో రాయని భయం నాకు వినిపించింది. సంతకం పెడితే చదువు పోతుంది, పెట్టకపోతే కొడుకు పోతాడు. రెండూ పోవండీ. ఈ ప్రశ్న నా దగ్గరకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క లేదు. ఏడాది ఆడి తిరిగి వచ్చి కాలేజీలో చేరిన పిల్లల్ని చూశాను, పక్కవాళ్ల కంటే ఒక ఏడాది పెద్దవాళ్లు, అంతే. తెల్లవారుజామున మూడింటి దాకా అయిదుగురితో కలిసి ఓడిపోయి, మర్నాడు ఆ తప్పుల్ని వీడియోలో చూసుకునే ఓపిక మీవాడికి ఉంటే, దానికి ఎక్కడైనా విలువ ఉంటుంది. పోల్చి చెప్పమన్నారు. ఇంజినీరింగ్ సీటుకు గడువు తేదీ ఉంది, కాగితం మీద రాసిన భవిష్యత్తు లేదు. దీనికి కాగితం ఉంది, భవిష్యత్తు రాసే అధికారం వాళ్ల దగ్గర ఉంది. ఇంతకు మించి పోలిక నేను చేయను.

ఇప్పుడు చేయాల్సింది: సంతకం పెట్టకండి. మార్చి తర్వాత తనే సంతకం పెడతాడని టీమ్‌కు మర్యాదగా రాయండి. అబ్బాయి నిజంగా కావాలనుకుంటే నాలుగు నెలలు ఆగుతారు, ఆగకపోతే వాళ్లకు కావలసింది అబ్బాయి కాదు, చవకగా దొరికే మూడేళ్లు. ఈలోగా పరీక్షలు రాసేస్తాడు. అప్పుడు ఒక ఏడాది ఒప్పందం అడగండి. పొడిగింపు ఇద్దరి ఒప్పుకోలుతో ఉండాలి, వరుసగా రెండు నెలలు బెంచ్ మీద ఉంచితే రుసుము లేకుండా వదిలేయాలి, ఆట ఆగితే ఏమిటో రాయాలి, విడుదల రుసుము నెలనెలా తగ్గుతూ పోవాలి. కాంట్రాక్టులు చూసే వకీలుకు ఒకసారి చూపించండి, మీరు కొన్న ఫోను కంటే తక్కువే అవుతుంది.

ఇవాళ రాత్రి ఆ ఆరో పేజీని మీవాడి చేతికిచ్చి, మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. గట్టిగా అడగకండి, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి. ఆ రాని ఏడో పేజీ ఫోటో నాకు పంపండి. యూట్యూబ్ ఆదాయం, స్పాన్సర్ల వాటా ఎవరిదో అందులో ఉండాలి. 2019లో టిఫ్యూ అనే ఆటగాడు తన టీమ్ ఫేజ్ క్లాన్ మీద అమెరికాలో కేసు వేసింది, కొన్ని ప్రకటనల ఆదాయంలో 80 శాతం దాకా వాళ్లే తీసుకునేలా ఒప్పందం ఉందంటూ. వీళ్లు ఎంత రాసుకున్నారో చూడకుండా నేను ఇంకేమీ చెప్పలేను.