శంఖపుష్పం టీ తాగవచ్చా? జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

పెరట్లో నీలి శంఖపుష్పం తీగ విరగబూస్తోంది, ఆ పూలతో టీ కాచుకోవచ్చా, పిల్లల జ్ఞాపకశక్తికి పనిచేస్తుందా అని అడిగారు. మొదటిదానికి నిస్సంకోచంగా అవుననే చెబుతాను. రెండోదానికి అంత తేలిగ్గా తలూపలేను.

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు మలేషియాలో ఉన్నాను. మన దగ్గర దడి మీద పాకుతూ, పూజకు తప్ప పెద్దగా ఎవరూ కోయని ఈ దింటెన పువ్వు అక్కడ వంటింటి సరుకు. కెలాంతన్ రాష్ట్రంలో ‘నాసి కెరాబు’ కోసం ఈ పూల రసంతో అన్నం నీలంగా వండి, వేయించిన కొబ్బరికోరు, సన్నగా తరిగిన పచ్చి ఆకులు, చేపతో కలిపి తింటారు. థాయిలాండ్‌లో దీని పేరు అంచన్. తేనె, నిమ్మరసం కలిపి చల్లగా ఇస్తారు.

రుచి మాత్రం ఆశించకండి. కాస్త పచ్చి చిక్కుడు వాసన, అంతే. మనం తాగేది రంగునే. పూలు పొద్దున్నే కోసి, ఆకుపచ్చ తొడిమ తీసేయండి. ఉంచితే పసరు వాసన వస్తుంది. నీడన ఆరబెట్టిన ఐదారు పూలు ఒక కప్పు వేడినీళ్లలో వేస్తే మూడు నిమిషాల్లో ముదురు నీలం దిగుతుంది. నిమ్మచెక్క పిండగానే ఊదాగా మారుతుంది. పూలలోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలకు పులుపు తగిలితే జరిగే మార్పు అది.

మా ఇంట్లో నిమ్మకాయ పులిహోరకు అప్పుడప్పుడు ఈ నీళ్లతోనే అన్నం వండుతాం. పసుపు వేయం, వేస్తే మురికి రంగు వస్తుంది. నిమ్మరసం పోసి కలుపుతుంటే పులుపు తగిలిన మెతుకు ఊదాగా, తగలనిది నీలంగా, వాటి మధ్య ఎర్రగా వేగిన శనగపప్పు. పెద్దవాళ్లు మొదట ముఖం చిట్లించినా రెండోసారి వడ్డించమంటారు. తెల్లపూల రకంతో ఈ వేడుకేమీ ఉండదు.

ఇక వైద్యం సంగతి. ఆయుర్వేదంలో దీన్ని అపరాజిత అంటారు, మేధస్సుకు మంచిదని చెబుతారు. అయితే జ్ఞాపకశక్తి మీద ఎలుకలకు చేసిన ప్రయోగాల్లో ఎక్కువగా వాడింది వేరు సారాన్ని, పూల టీని కాదు. పైగా కేరళలో వైద్యులు ఈ తీగనే శంఖపుష్పిగా వాడితే, ఉత్తరాదిలో ఆ పేరుతో వాడేది నేల మీద పాకే మరో మొక్క. అందుకే దుకాణంలో దొరికే శంఖపుష్పి సిరప్‌కూ మీ పెరటి తీగకూ సంబంధం ఉండకపోవచ్చు. పరీక్షల ముందు పిల్లలకు ఈ టీ పట్టించి మార్కుల కోసం ఎదురుచూడటం నాకైతే నచ్చదు.

గింజలు, వేర్ల జోలికి సొంతంగా వెళ్లకండి. వాటిని విరేచనాలకు మందుగా వాడేవారు; మోతాదు మించితే వాంతులు, కడుపునొప్పి తప్పవు. కాయలు చూడటానికి చిక్కుళ్లలా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో ఎండకముందే తుంచేయడం మేలు. గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా పూల టీ కూడా తాగకపోవడమే మంచిది. మిగతావాళ్లకు పూల విషయంలో భయం అక్కరలేదు: అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో వీటి సారాన్ని ఆహార రంగుగా అనుమతించింది. తీగను నర్సరీ నుంచి ఈమధ్యే తెచ్చి ఉంటే, పురుగుమందు కొట్టారేమో తెలియదు కాబట్టి మొదటి విడత పూలు దేవుడికే పెట్టండి.