ఎంపీసీ చదివి ఎకనామిక్స్‌లోకా? సోషల్ కూడా సైన్సేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. మ్యాథ్స్‌లో మంచి మార్కులొస్తాయి. ఇంజనీరింగ్ వద్దు, ఎకనామిక్స్ గానీ సోషియాలజీ గానీ చదువుతానంటోంది. ఫిజిక్స్ అయితే ప్రయోగం చేసి నిరూపిస్తారు. సోషల్‌లో ఎవరి అభిప్రాయం వాళ్లది కదా, దాన్ని సైన్స్ అని ఎలా అంటారు? తెలివైన పిల్ల అటు వెళ్లి వెనకబడిపోతుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, ఖమ్మం)

జవాబు: నమస్కారమండీ. మనం బడిలో చదువుకున్న సోషల్ అంటే తేదీలు, రాజధానులు, బట్టీ పట్టిన జవాబులే. కాబట్టి మీకు ఆ అనుమానం రావడం సహజం. మీ అమ్మాయి అడుగుతున్న చదువు మాత్రం వేరు. అందులో పని ఎలా జరుగుతుందో ఒక్కసారి దగ్గరగా చూడండి.

హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఉంది, 1972లో మొదలైంది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద అక్కడ పరిశోధన చేస్తారు. కొత్త జొన్న రకం పాతదాని కన్నా మేలా కాదా తేల్చాలంటే పొలాన్ని చిన్న చిన్న మడులుగా విడగొట్టి, ఏ మడిలో ఏ రకం వేయాలో లాటరీ తీసి, ఒక్కో రకాన్ని మూడు నాలుగు చోట్ల వేస్తారు. నీరు, ఎరువు అన్నిటికీ ఒకటే. కోత అయ్యాక తూకం. సైన్స్ అనగానే మీ మనసులో మెదిలేది ఇదే.

ఇంత చేశాక కూడా దిగుబడి ఎక్కువని తేలిన రకాన్ని ఊళ్లో రైతు వేయకపోవచ్చు. అప్పు పుట్టకనా? వాన మీద నమ్మకం లేకనా? పశువులకు చొప్ప చాలదనా? మొక్కకు కారణాలుండవు, మనిషికి ఉంటాయి. అతన్ని అడగాలి, చెప్పినదాన్నీ చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. అందుకే అదే ఇక్రిశాట్‌లోని ఆర్థికవేత్తలు 1975లో మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి, డోకూరుల్లోనూ మహారాష్ట్రలోని నాలుగు ఊళ్లలోనూ తమ మనుషుల్ని అక్కడే ఉంచి, ఏ ఇంట్లో ఏం పంట వేశారు, ఎంత కూలి వచ్చింది, ఎంత అప్పు చేశారు అన్నీ ఏళ్ల తరబడి రాయించారు.

వాళ్లలో హన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త 240 కుటుంబాల దగ్గర ఒక ప్రయోగం చేశాడు. పేద రైతు పిరికివాడు కాబట్టే కొత్త పద్ధతులకు దూరంగా ఉంటాడని అప్పట్లో చాలామంది అనేవారు. అది నిజమేనా? నాణెం ఎగరేస్తారు. ఒక పందెంలో బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయం. మరొకదాంట్లో ఒకవైపు పడితే 200, రెండోవైపు పడితే సున్నా. ఈ రెండింటికీ మధ్య మరికొన్ని పందేలు. మీకు నచ్చింది ఎంచుకోండి అన్నారు. ఇచ్చింది నిజమైన డబ్బే, ఆ రోజుల్లో 50 అంటే ఎన్నో రోజుల కూలి. ముందు ఇదే ఆటను అర్ధ రూపాయితో ఆడించారు. అప్పుడు తెగించినవాళ్లు కూడా మొత్తం పెరిగేకొద్దీ మధ్యస్థమైన పందేనికి వచ్చి ఆగారు. ఆస్తిపరుడికీ పేదవాడికీ ఇందులో పెద్ద తేడా కనబడలేదు. అంటే పేదవాడు ఎరువు కొనకపోతే చూడాల్సింది అతని ధైర్యం సంగతి కాదు, అతనికి అప్పు ఎందుకు పుట్టడం లేదన్నది. 1980లో అచ్చయిన ఈ ఫలితంలో ఎవరి అభిప్రాయానికీ చోటు లేదు. అందరూ నమ్మిన మాటనే అది తిరగేసింది.

ఫిజిక్స్‌కూ దీనికీ తేడా లేదని నేననను. రేపు వాన పడుతుందని వాతావరణ శాఖ చెప్పినంత మాత్రాన మబ్బు మనసు మార్చుకోదు. వచ్చే ఏడాది మిర్చికి మంచి ధర ఉంటుందని చెప్పి చూడండి, అందరూ మిర్చే వేస్తారు, గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. చెప్పిన మాటే ఫలితాన్ని మార్చేస్తుంది. అందుకే భౌతికశాస్త్రం ఎక్కడైనా నిలిచే నియమాన్ని వెతుకుతుంటే, ఇక్కడ ఏ ఊరు, ఏ కాలం, ఎవరికి అన్నది వదలకుండా చెప్పాల్సి వస్తుంది. నా దృష్టిలో ఇది మరింత కష్టమైన పని.

ప్రయోగానికీ హద్దులుంటాయి. పరిశోధన కోసం ఒక ఊరికి పింఛను ఆపలేం కదా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికి, పింఛన్లకు స్మార్ట్‌కార్డులు (వేలిముద్రతో డబ్బు తీసుకునే కార్డులు) తెచ్చినప్పుడు ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ముందు ఎక్కడ, తర్వాత ఎక్కడ అన్నది లాటరీతో నిర్ణయించి, రెండు రకాల మండలాలనూ పోల్చారు. కార్డులు ముందు వచ్చిన చోట డబ్బు త్వరగా చేతికందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. ఈ లాటరీ పద్ధతి 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన పొలాల్లో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ రూపొందించినదే, జొన్న మడుల్లో వాడేదీ అదే.

లెక్కకు అందనివీ ఉంటాయి. 1950ల మొదట్లో మానవశాస్త్రవేత్త ఎస్.సి.దూబే ఉస్మానియా బృందంతో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేటను పరిశీలించినప్పుడు కులం, కుటుంబం, పండుగ రోజువారీ బతుకులో ఎలా అల్లుకున్నాయో ఊరివాళ్ల మధ్య తిరిగి, విని రాశారు. సోషియాలజీ అంటే ఎక్కువగా ఈ ఓపికే.

ఇక మీ అమ్మాయి సంగతి. మ్యాథ్స్ ఎక్కడికీ పోదు. ఢిల్లీ యూనివర్సిటీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కు పన్నెండో తరగతిలో మ్యాథ్స్ ఉండి తీరాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్, సోషియాలజీ రెండింటిలోనూ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఉంది. ఒక మాట ముందే చెప్పాలి, ఉత్త బీఏతో ఈ రంగంలో మంచి ఉద్యోగం దొరకడం కష్టం. పీజీ దాకా చదివించగలమనుకుంటేనే దిగండి. స్టాటిస్టిక్స్ బాగా వచ్చి, ఊళ్లో తెలుగులో నాలుగు మాటలు కలపగలిగిన పిల్లలు పరిశోధన సంస్థలకు, సర్వేలకు కావాలి. ప్రభుత్వంలోకి వెళ్లాలంటే యూపీఎస్‌సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష ఉంది, దానికి ఎకనామిక్స్‌లో పీజీ కావాలి.

దరఖాస్తు పెట్టేముందు అమ్మాయితో ఒక పని చేయించండి. మీ వీధిలో పది ఇళ్లకు వెళ్లి, పిల్లల్ని ప్రైవేటు బడికి ఎందుకు పంపుతున్నారో, సర్కారు బడికి ఎందుకు పంపుతున్నారో అడిగి రాసుకోమనండి. ఇంటికొచ్చాక ఎవరు ఏం చెప్పారన్నదాంతో ఆగకుండా, వాళ్లు ఎందుకలా చెప్పి ఉంటారు, ఇంకెవర్ని అడగాల్సింది అని తనంతట తానే మాట్లాడితే ఇక సందేహించకండి. విసుగొచ్చి రెండో ఇంటి దగ్గరే ఆగిపోతే మాత్రం ఇంజనీరింగ్ దరఖాస్తు కూడా పెట్టించండి.