కాకిపెట్ట గంప దిగట్లేదా?

బుజ్జమ్మా,

నిన్న ఫోన్‌లో సగం మాటలు తెగిపోయాయి, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. 14 గుడ్లు పెట్టిన మీ నల్లకోడి, అదే కాకిపెట్ట, ఉన్నట్టుండి ఆపేసిందనీ, గంపలో ఒక్క గుడ్డు లేకపోయినా కదలట్లేదనీ, చెయ్యి పెడితే ఈకలు విరబోసుకుని పొడుస్తోందనీ, తెగులేమో మందు వెయ్యనా అనీ అడిగావు. మందేమీ అక్కర్లేదు. దానికి పొదగాలని మనసైంది, అంతే.

నాటుపెట్ట తీరే అంత. పది, పదిహేను గుడ్లు పెట్టాక ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి కూర్చుండిపోతుంది. గుడ్లు పొట్టకు తగులుతూ ఉంటే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది. పక్కింటి గ్రామప్రియ కోళ్లతో పోల్చి దాన్ని తిట్టకు. అవి రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు గుడ్ల కోసం తయారు చేసిన రకం, పొదగాలనే ధ్యాసే వాటికి ఉండదు. మన పెట్ట ఏడాదంతా కలిపి 60, 70 గుడ్లు పెడితే గొప్ప. కానీ పిల్లల్ని గద్దకు దక్కనివ్వకుండా పెంచేది ఇదే.

నీకు గుడ్లు కావాలా, పిల్లలు కావాలా? ముందు అది తేల్చుకో. పిల్లలతో తిరిగే తల్లి, పొదిగిన 21 రోజులతో కలిపి, రెండున్నర నెలల దాకా గుడ్డు మాటే ఎత్తదు. నీకు రెండు పెట్టలున్నాయి కాబట్టి నేనైతే కాకిపెట్టను పొదగేస్తాను, ఎర్రటి డేగపెట్ట కూర్చుంటే దాన్ని మాన్పిస్తాను. ఇది మాఘమాసం, పొదగెయ్యడానికి మంచి అదను.

రోహిణి కార్తె దాకా ఆగావంటే నాలాగే ఏడుస్తావు. ఒక ఏడాది మే నెలలో రోజూ ఒక్కో గుడ్డు తీసి రేకుల వంటింటి అటక మీద దాచాను. 15 అయ్యాక పొదగేశాను. ఆ పెట్ట 21 రోజులూ కూర్చుంటే దక్కినవి రెండు పిల్లలు! మిగతావి పగలగొడితే ఇల్లంతా కంపు. అటక వేడికి గుడ్డులో జీవం ముందే కదిలి, సగంలో చచ్చిపోయిందన్నమాట. మా అత్తగారు మాత్రం ఉరుములకు మురిగాయని, గంపలో ఇనప ముక్క వెయ్యలేదని నన్నే తిట్టింది. నువ్వు ఇనప ముక్క వేసుకున్నా నష్టం లేదు. గుడ్లను మాత్రం నీళ్ల కుండ పక్కన, ఊకలో, సన్నకొన కిందికి పెట్టి దాచు. కడగకు. వారం దాటినవి అట్టేసుకో.

గంప అడుగున ఇసక పోసి, కాస్త బూడిద చల్లి, పైన ఎండుగడ్డి పరిచి, గుడ్లు దొర్లిపోకుండా అరచేతి లోతు గుంట చెయ్యి. పెట్ట రెక్కల కింద పేలున్నాయేమో ముందే చూడు. పేలు కుడుతుంటే ఎంత మంచి తల్లయినా మధ్యలో లేచిపోతుంది. మీది కాలవగట్టు పక్క తోట, ముంగిసలూ పాములూ తిరుగుతాయి కాబట్టి గంపను కొట్టుగదిలో పెట్టి రాత్రి తలుపెయ్యి. పుంజుతో కలిసి తిరిగిన పెట్టల గుడ్లే పెట్టు. 11 చాలు, దాని రెక్కల కింద ఇమిడేవి అన్నే. ఒక్కోదాని మీద బొగ్గుతో గీత గియ్యి. డేగపెట్ట కూడా వచ్చి ఆ గంపలోనే గుడ్డు పెట్టి పోతుంది చూడు, అప్పుడు గీత లేనిది తీసేయొచ్చు. పెట్టను రాత్రిపూట కూర్చోబెడితే గొడవ చెయ్యదు.

రోజుకోసారి దిగి, పావుగంటలో మేసి, కంపు కొట్టే పెద్ద రెట్ట వేసి మళ్లీ ఎక్కుతుంది. రెట్ట చూసి కంగారుపడకు. దిగకపోతే నువ్వే దించు, కానీ ఎత్తే ముందు రెక్కల కింద చెయ్యి పెట్టి తడుము. అక్కడ ఒక గుడ్డు ఇరుక్కుని ఉంటుంది, ఎత్తగానే జారి మిగతా వాటి మీద పడుతుంది. నేను అలాగే మూడు పగలగొట్టాను.

ఏడో రాత్రి గుడ్డును ఫోన్ టార్చి మీద పెట్టి చూడు. ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపిస్తే లోపల పిల్ల ఉన్నట్టు. ఏమీ కనిపించకపోతే ఉత్త గుడ్డే, తీసెయ్. 18వ రోజు నుంచి అసలు ముట్టుకోకు. పిల్ల పెంకు పొడుస్తుంటే జాలిపడి గోటితో ఒలవకు, నెత్తురొస్తుంది.

డేగపెట్ట సంగతంటావా, ముక్కులో ఈక గుచ్చమని, చెరువులో ముంచమని ఎవరైనా చెబితే వినకు. పాపం. నాలుగు ఇటుకల మీద ఇనప మెష్ వేసి, దాని మీద కూర్చోబెట్టి, పైన గంప బోర్లించు. గాలీ వెలుతురూ ఆడే చోట పెట్టు. మేతా నీళ్లూ మానకు. కింద నుంచి చల్లగా తగిలితే మూడు నాలుగు రోజుల్లో పట్టు వదిలేస్తుంది. వదిలిపెట్టగానే మళ్లీ గంప కేసి పరిగెత్తితే ఇంకో రెండు రోజులు. తర్వాత రెండు మూడు వారాలకు గుడ్డుకొస్తుంది. తౌడూ నూకలతో సరిపెట్టకుండా నత్తగుల్లలు దంచి పడెయ్, పెంకు గట్టిగా వస్తుంది.

పిల్లలు దిగాక మొదటి వారంలోనే కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్కలు వేయించు. పశువుల ఆసుపత్రిలో ఇప్పుడే అడిగి పెట్టుకో. పొదగేసిన తేదీ క్యాలెండర్ మీద రాసుకో. ఏడో రాత్రి టార్చి వేసేటప్పుడు వీడియో కాల్ చెయ్, నేనూ మీ మావయ్యా చూస్తాం.

మీ మేనత్త