మీసాలంటించే అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం చదివి పక్కన పెట్టాను, చిరాకు తగ్గాక జవాబు రాద్దామని. తగ్గలేదు. అయినా రాస్తున్నాను.

'నా అభిరుచులు, నా ప్రేరణలు' అని పేరు పెట్టి మొదటి పేజీలోనే ఒక ఇరాన్ దర్శకుణ్ణి, జపాన్ నవలాకారుణ్ణి, పోలండ్ కవయిత్రిని వరసగా నిలబెట్టావు. వాళ్ల మీద నాకేం కోపం లేదు. చదువు, చూడు. కానీ వాళ్ల గురించి రాసిన మాటల్లో ఒక్కటీ నీది కాదు. 'మానవ సంబంధాల్లోని సంక్లిష్టత' అట! పుస్తకం అట్ట వెనకాల ఉండే ముక్క అది. నాకూ చదవడం వచ్చు.

మూడో పేజీ చివర, బ్రాకెట్లో, ఎవరైనా చూస్తారేమోనని భయపడుతున్నట్టు, నువ్వు పద్యనాటకాల ట్రూపులో మేకప్ వేస్తావని రాశావు. దుర్యోధనుడి మీసం ఒకే ముక్కగా అంటిస్తే రాగం తీసేటప్పుడు పై పెదవి సాగి మధ్యలో లేచిపోతుందనీ, అందుకే ముక్కు కింద కత్తిరించి రెండు ముక్కలుగా పెడతాననీ. స్పిరిట్ గమ్ ఆరేదాకా నోరు తెరవొద్దని నువ్వంటే, ఆయనకి సరిగ్గా అప్పుడే శ్రుతి చూసుకోవాలనిపిస్తుందనీ. పడుకుని చదువుతున్నవాణ్ణి లేచి కూర్చున్నాను. అసలు వ్యాసం అక్కడుంటే దాన్ని బ్రాకెట్లో పెడతావా?

నాదొక మొండి నమ్మకం. ఇంట్లోవాళ్లు కూడా విని విని విసిగిపోయారు. మనకేం ఇష్టమో మనం చెప్పే పేర్లలో తెలియదు, మన పని చేసుకుంటూ ఎక్కడ ఆగిపోయి చూశామో అక్కడ తెలుస్తుంది. రాయబారం సీను వందసార్లు వింగ్‌లోంచి చూసి ఉంటావు. ఏ పద్యం దగ్గర చేతిలో పౌడర్ పఫ్ అలాగే ఉండిపోయింది? ఏ పద్యం రాగానే టీ తాగడానికి బయటికి పోయావు? అది రాయి. నా సంగతి చెప్పమంటే, మరీ సాగదీసే రాగం నేను భరించలేను. అర్థం నలిగిపోతుంది. పద్యనాటకాభిమానులకి ఈ మాట నచ్చదు, నచ్చక్కర్లేదు.

నీ జాబితాలో ఉండాల్సిన మనిషి ఒకాయన లేడు. స్థానం నరసింహారావు గారు. 1902లో బాపట్లలో పుట్టి, సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా స్టేజి మీద వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్న మగవాడు. ఇంకోవైపు, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ నాటకంతో మొదలైన సురభి నాటక కుటుంబాలు చూడు. మిగతా నాటక సమాజాల్లో మగవాళ్లు చీర కడుతున్న కాలంలోనే అక్కడ ఆడవేషాలు ఆడవాళ్లు వేశారు. మరి మగవాడి మొహాన్ని సత్యభామగా దిద్దడం, ఆడమనిషి మొహాన్ని సత్యభామగా దిద్దడం ఒకే పనేనా? దవడ దగ్గర ఏం చేస్తారు? పెట్రోమాక్స్ వెలుగుకి అలవాటైన రంగు ఎల్ఈడీ లైట్ల కింద ఏమవుతుంది? దీని మీద నేను ఒక్క వాక్యం కూడా రాయలేను. నువ్వు ఇరవై పేజీలు రాయగలవు. రాయకుండా పోలండ్ వెళ్లావు.

కుర్రతనంలో నేను ఒక హార్మోనిస్టు మీద కథ రాశాను. పగలు గుమాస్తా ఉద్యోగం, రాత్రి నాటకాలు, తెల్లారుజామున రైల్వే ప్లాట్‌ఫారం మీద రాత. అలా రాసిన కథ. ఒక వారపత్రిక ఎడిటరుగారికి హార్మోనియం పాతవాసన కొట్టింది. నన్నడక్కుండా దాన్ని తీసేసి గిటారు పెట్టి అచ్చువేశారు. కానీ మావాడు వాయించేది కాళ్లతో తొక్కే హార్మోనియం. ఆ వాక్యం వాళ్ల కంటపడలేదు. కాబట్టి నా కథానాయకుడు పండు వెన్నెల్లో గిటారుని తొక్కుతూ వాయించాడు. ఆ వారం ఆఫీసులో నా మొహం చూసి నవ్వనివాడు లేడు. ఆ ఎడిటరుగారు తర్వాత సాహిత్యంలో నవ్యత మీద చాలా సభల్లో మాట్లాడారు.

ఇప్పటివాళ్లది ఇంకో రకం. పద్యనాటకం మీద ఏం పంపినా వాళ్లకి ఒకటే కావాలి: ముసలి కళాకారుడు, రేకుల ఇల్లు, ఆదుకోని ప్రభుత్వం. కష్టాలు లేవని కాదు. కానీ ఆ మనిషి ఏ పద్యం ఎలా ఎత్తుకుంటాడో ఒక్కరూ అడగరు. నీ రెండో పేజీలో కూడా 'అంతరించిపోతున్న కళ' ఉంది, ఎర్రసిరాతో కొట్టేశాను. జనం వన్స్‌మోర్ అని కేకలేస్తే అదే పద్యం మళ్లీ పాడొచ్చి నీ ముందు కూర్చుని చెమట తుడిపించుకునే మనిషిని పెట్టుకుని, ఏమిటమ్మా ఆ మాట?

భాష బాగానే ఉంది. ఒత్తులు చూసుకో.

ఏ పత్రికకి పంపాలని అడిగావు. ముందు ఆ బ్రాకెట్ తీసేసి, అక్కణ్ణుంచి మొదలుపెట్టి రాసి నాకు పంపు. పోలండ్ కవయిత్రి ఆ దారిలో తనంతట తను ఎదురైతే రానీ, ఫరవాలేదు. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకోవడం గురించి మాత్రం నన్నడక్కు. మా మంచం కింద ఇంకా కట్టలున్నాయి, మీ అత్తయ్యగారు ఊడ్చినప్పుడల్లా గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఆశీస్సులతో,
మాష్టారు