నాయిస్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం డ్రాఫ్ట్ మొత్తం చదివా. చదివించే గుణం ఉంది నీ రాతలో, అది నేర్పితే వచ్చేది కాదు, కాబట్టి దాని గురించి ఇంక మాట్లాడను, విషయంలోకి వచ్చేస్తా. మూడో పేరాలో "ఫిల్టర్ పెడితే నాయిస్ పోతుంది" అని రాశావు చూడు, నేను అక్కడే ఆగిపోయా. నాయిస్, అంటే సిగ్నల్‌తో కలిసి వచ్చే అక్కర్లేని ఊగిసలాట, పోదు. తగ్గించుకోవచ్చు, దాని దెబ్బ మెసేజ్‌కి తగలకుండా చూసుకోవచ్చు, కానీ ఊరికే కాదు, బదులుగా టైమో బ్యాండ్‌విడ్తో (వాడుకునే ఫ్రీక్వెన్సీల వెడల్పు) పవరో డిలేనో ఏదో ఒకటి ఇచ్చుకోవాల్సిందే. నువ్వు ఏ టెక్నిక్ గురించి రాసినా సరే, అది ఏం ఇస్తుందో చెప్పిన చోటే ఏం తీసుకుంటుందో కూడా చెప్పాలి. ఈ లెటర్ అంతా ఆ ఒక్క మాట గురించే, మిగతావి చిన్న చిన్న దిద్దుబాట్లు, నువ్వే చేసుకోగలవు.

ముందు నాయిస్ ఎక్కడి నుంచి వస్తుందో పాఠకుడికి అంకెలతో చూపించు, నువ్వేమో "వాతావరణం వల్ల, పరికరాల వల్ల" అని ఒక్క లైన్‌లో దాటేశావు. ఒక రెసిస్టర్ తీసుకో, దానికి బ్యాటరీ లేదు, ఏమీ లేదు, ఊరికే టేబుల్ మీద ఉంది. అయినా దాని రెండు చివర్ల మధ్యా వోల్టేజ్ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది, లోపల ఎలక్ట్రాన్లు వేడికి కదులుతుంటాయి కాబట్టి. బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దీన్ని కొలిచాడు, ఏటీ అండ్ టీలో ఉన్న నైక్విస్ట్ ఎందుకలా వస్తుందో లెక్క కట్టాడు, ఇద్దరి పేపర్లూ 1928లోనే వచ్చాయి. 1 కిలో ఓమ్ రెసిస్టర్‌కి రూమ్ టెంపరేచర్‌లో ఇది ఒక్కో రూట్ హెర్ట్జ్‌కి దాదాపు 4 నానోవోల్టులు (బ్యాండ్‌విడ్త్ వర్గమూలం లెక్కన పెరుగుతుంది), అంటే 20 కిలోహెర్ట్జ్ ఆడియో బ్యాండ్ మొత్తానికి సుమారు 0.57 మైక్రోవోల్టు. రేడియో వాళ్లయితే ఇదే సంగతిని ఒక్కో హెర్ట్జ్‌కి మైనస్ 174 డీబీఎం (1 మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే పవర్) అంటారు, ఆ అంకె వాళ్లకి నోటికొచ్చేసి ఉంటుంది. బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్ అయితే దానికి 60 కలుపు (ప్రతి 10 రెట్లకీ 10 డీబీ, పది లక్షల రెట్లకి 60), మైనస్ 114. నువ్వు ఎంత మంచి రిసీవర్ కట్టినా రూమ్ టెంపరేచర్‌లో మొదలయ్యేది అక్కడినుంచే. అందుకే "ఎస్ఎన్ఆర్ 20 డీబీ ఉంది" అని (అంటే సిగ్నల్ పవర్ నాయిస్ పవర్‌కి 100 రెట్లని) రాసి బ్యాండ్‌విడ్త్ ఎంతో రాయకపోతే ఆ అంకెకి అర్థం ఉండదు, నీ డ్రాఫ్ట్‌లో రెండు చోట్ల అలాగే ఉంది, సరిచెయ్యి.

ఇంకోటి, ర్యాండమ్ అన్నావు కదా అని దాని గురించి ఏమీ తెలీదన్నట్టు రాయకు. తర్వాతి శాంపిల్ (ఒక్కసారి కొలిచిన వ్యాల్యూ) ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేరు, నిజమే, కానీ లక్ష శాంపిల్స్ కలిసి ఎలా ప్రవర్తిస్తాయో చాలా కచ్చితంగా చెప్పొచ్చు, సబ్జెక్ట్ అంతా నిలబడింది దాని మీదే. ఇక్కడ నువ్వు వైట్, గాసియన్ రెండూ ఒకటే అన్నట్టు రాశావు, కాదు. ఎనర్జీ అన్ని ఫ్రీక్వెన్సీల్లో సమానంగా పరుచుకుని ఉంటే వైట్, వ్యాల్యూలు బెల్ ఆకారంలో పడితే గాసియన్. ఒకటి ఉండి ఇంకోటి లేకుండా ఉండొచ్చు. రెసిస్టర్ నాయిస్ గాసియన్ ఎందుకవుతుందంటే లెక్కలేనన్ని ఎలక్ట్రాన్ల చిన్న చిన్న కుదుపులు అన్నీ కూడుకుంటాయి కాబట్టి. అదే పక్కన మోటారో స్విచ్చో స్పార్క్ కొట్టిందనుకో, అది గాసియన్ కాదు, అప్పుడప్పుడూ ఒక పెద్ద పోటు వచ్చి పోతుంది. 5, 5, 6, 90, 5 అని ఐదు రీడింగ్స్ వచ్చాయనుకో, యావరేజ్ తీస్తే 22.2 వస్తుంది, అసలు అక్కడ అలాంటి వ్యాల్యూయే లేదు, మీడియన్ (వరుసలో పెడితే మధ్యలో వచ్చేది) తీస్తే 5. అందుకే ఏ ఫిల్టర్ పెట్టాలి అనే ముందు ఎలాంటి నాయిస్ అని అడగాలి. నీ వ్యాసంలో ఆ ప్రశ్న అసలు లేదు, ముందు అది పెట్టు, తర్వాతే ఫిల్టర్ల పేర్లు.

యావరేజింగ్ గురించి నువ్వు రాసింది తప్పు కాదు, కానీ మధ్యలో వదిలేశావు. అదే సిగ్నల్‌ని ఎన్ సార్లు కొలిచి కూడితే సిగ్నల్ ఎన్ రెట్లు పెరుగుతుంది, నాయిస్ మాత్రం ఒకసారి పైకి ఒకసారి కిందకి పోతూ ఉంటుంది కాబట్టి రూట్ ఎన్ రెట్లే పెరుగుతుంది. సో, 100 సార్లు కొలిస్తే 10 రెట్లు మెరుగు. ఇంకో 10 రెట్లు కావాలంటే 10,000 సార్లు కొలవాలి! ఇదీ ధర. దీనికి నాకు బాగా నచ్చే ఉదాహరణ అప్పుడే పుట్టిన పిల్లలకి చేసే వినికిడి పరీక్ష. చెవిలో క్లిక్ శబ్దం వినిపిస్తే బ్రెయిన్‌స్టెమ్ నుంచి వచ్చే జవాబు 1 మైక్రోవోల్టు కూడా ఉండదు, దాని మీద మెదడు మామూలు కరెంటు పదుల మైక్రోవోల్టులు ఊగుతూ ఉంటుంది, ఒక్క క్లిక్ చూస్తే ఏమీ కనపడదు. వెయ్యి, రెండు వేల క్లిక్‌లు ఇచ్చి, ప్రతి క్లిక్ దగ్గర నుంచి టైమ్ కలుపుకుని యావరేజ్ తీస్తే అప్పుడు అల మెల్లగా బయటపడుతుంది. పాపాయి నిద్రపోతున్నప్పుడే చెయ్యడానికి ఒక కారణం కూడా ఇదే, కదిలితే కండరాల కరెంటు ఇంకో నాయిస్‌గా వచ్చి పడుతుంది. అయితే దీనికి రెండు షరతులున్నాయి, ప్రతిసారీ సిగ్నల్ అదే అయి ఉండాలి, నాయిస్‌కి ఒకసారికీ ఇంకోసారికీ సంబంధం ఉండకూడదు. కరెంటు లైన్ హమ్ నీ క్లిక్‌ల స్పీడ్‌తో లాక్ అయిపోతే ఎన్ని వేలసార్లు యావరేజ్ తీసినా అది అలాగే నిలబడి ఉంటుంది, పైగా సిగ్నల్‌లాగే కనిపించి మోసం చేస్తుంది. నెమ్మదిగా జరిగిపోయే డ్రిఫ్ట్ కూడా అంతే, ఎక్కువసేపు కొలిచేకొద్దీ అదీ పెరుగుతుంది. మూవింగ్ యావరేజ్ (పక్కపక్క శాంపిల్స్‌ని యావరేజ్ చేసుకుంటూ పోవడం) సంగతి నువ్వు రాసిందే చాలు, సిగ్నల్‌లో హఠాత్తుగా మారే ఎడ్జ్‌లు అరిగిపోతాయని మాత్రం ఒక్క లైన్ కలుపు.

సిగ్నల్ ఆకారం ముందే తెలిస్తే ఇంకా మంచి పని చెయ్యొచ్చు, ఆ ఆకారంతోనే గుణించి కూడటం. రాడార్ కోసం నార్త్ అనే ఆయన 1943లో చూపించింది అదే, మ్యాచ్డ్ ఫిల్టర్ అంటాం, వైట్ నాయిస్‌లో దాన్ని మించిన ఎస్ఎన్ఆర్ ఏ లీనియర్ ఫిల్టరూ ఇవ్వలేదు. నువ్వు దీన్ని ఫార్ములాతో మొదలుపెట్టావు, జీపీఎస్‌తో మొదలుపెట్టు. నేల మీదకి చేరే జీపీఎస్ సిగ్నల్ సుమారు మైనస్ 130 డీబీఎం. 2 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో నాయిస్ మైనస్ 111. అంటే సిగ్నల్ నాయిస్ కంటే 19 డీబీ కింద, దాదాపు 80 రెట్లు చిన్నది, స్పెక్ట్రమ్ అనలైజర్ పెట్టి చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ 1023 చిప్‌ల (ప్లస్, మైనస్ ముక్కల) కోడ్ ఏంటో రిసీవర్‌కి తెలుసు, ఆ కోడ్‌తో గుణించి 1 మిల్లీసెకను సేపు కూడితే బ్యాండ్‌ని 1 కిలోహెర్ట్జ్‌కి కుదించుకున్నట్టే, నాయిస్ మైనస్ 144కి దిగిపోతుంది, సిగ్నల్ మైనస్ 130 దగ్గరే ఉంటుంది, ఇప్పుడు 14 డీబీ పైన! చదివేవాడు ఈ కూడికలు తీసివేతలు తనే చేసుకోగలడు, చేసుకున్నప్పుడు వాడికి కలిగే ఆనందం వేరు. ఇక్కడ ఇచ్చుకున్న ధర ఏంటి మరి? అంత వెడల్పు బ్యాండ్ వాడి ఆ సిగ్నల్ మోసేది సెకనుకి 50 బిట్లు. ఒక శాటిలైట్ తన కక్ష్య వివరాలు చెప్పే ఫ్రేమ్ 1500 బిట్లు, అది రావడానికే 30 సెకన్లు. పైగా కోడ్ ఎక్కడ మొదలవుతోందో, శాటిలైట్ కదలిక వల్ల డాప్లర్ ఫ్రీక్వెన్సీని ఎంత జరిపిందో ముందు వెతుక్కోవాలి, సరిగ్గా కలవకపోతే ఆ 14 డీబీ రాదు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం, నీ నాలుగో బొమ్మ. రిపిటీషన్ కోడ్ గ్రాఫ్ వేసి, ప్రతి బిట్‌నీ మూడుసార్లు పంపి మెజారిటీ చూస్తే తప్పులు బాగా తగ్గాయని చూపించావు. చూడ్డానికి నమ్మేలా ఉంది. 10 బిట్లకి 1 తప్పయ్యే ఛానెల్‌లో మెజారిటీ తీస్తే 1000కి 28 తప్పులే, ఆ లెక్క కరెక్టే. కానీ మూడుసార్లు పంపడానికి పవర్ ఎక్కడి నుంచి వచ్చింది? నీ సిమ్యులేషన్‌లో మూడు కాపీలకీ పూర్తి ఎనర్జీ ఇచ్చేశావు, అంటే ఒక్కో సమాచార బిట్‌కి మూడు రెట్లు ఖర్చు పెట్టి, దాన్ని లెక్కలో చూపించలేదు. అది 4.77 డీబీ, చిన్నది కాదు. నిజాయితీగా లెక్క వెయ్యాలంటే ఉన్న ఎనర్జీనే మూడు కాపీలకి పంచాలి, ఉన్న నీళ్లనే మూడు బిందెల్లో పోసినట్టు.

ఆ లెక్క చేసి చూద్దాం. బీపీఎస్‌కే (ఒక్కో బిట్‌ని ప్లస్ అలగానో మైనస్ అలగానో పంపడం) తీసుకో, ఈబీ బై ఎన్‌నాట్ (ఒక్కో సమాచార బిట్ ఎనర్జీకీ ఒక్కో హెర్ట్జ్ నాయిస్ పవర్‌కీ నిష్పత్తి) 6 డీబీ. కోడ్ ఏమీ లేకుండా పంపితే తప్పు పడే అవకాశం 0.0024. అదే ఎనర్జీ మూడుగా చీల్చి పంపితే ఒక్కో కాపీ తప్పయ్యే అవకాశం 0.052కి ఎగబాకుతుంది, మెజారిటీ తీశాక 0.0077. అంటే కోడ్ పెట్టాక మూడు రెట్లు ఎక్కువ తప్పులు! మూడు రెట్లు టైమ్ తీసుకుని, ఇంకా నష్టపోయాం. ఎందుకు నష్టపోయామో కూడా చెప్పాలి, ఒక్కో కాపీని చూసి వెంటనే సున్నానో ఒకటో తేల్చేశాం, అది బలంగా వచ్చిందా, గీత మీద ఊగిసలాడుతూ వచ్చిందా అనే సమాచారం అక్కడే పారేశాం. తేల్చకుండా మూడు వ్యాల్యూలనూ ముందు కూడి ఆ తర్వాత నిర్ణయం తీసుకుంటే సరిగ్గా 0.0024కి తిరిగొస్తాం, లాభమూ లేదు నష్టమూ లేదు. సాఫ్ట్ డెసిషన్ (ఇలా వెంటనే తేల్చకుండా వ్యాల్యూలతోనే లెక్క కట్టడం) విలువ ఇంతకంటే తేలిగ్గా చూపించే ఉదాహరణ నాకు తెలీదు, నీ గ్రాఫ్ తప్పవడం వల్ల ఇదంతా నీ పాఠకుడికి దక్కకుండా పోతోంది, అందుకే ఇంత పట్టుబడుతున్నా.

మరి కోడింగ్ వల్ల లాభం ఎక్కడుంది అంటే, ఒక్కో బిట్‌ని విడిగా కాపాడుకోకుండా చాలా బిట్లని కలిపి ఒకదానికొకటి సాక్ష్యం చెప్పేలా అల్లడంలో ఉంది. షానన్ 1948లో చెప్పింది ఇదే, రేటు ఛానెల్ కెపాసిటీ (ఆ దారి మోయగల గరిష్ఠ రేటు) కంటే తక్కువగా ఉన్నంతవరకూ తప్పుల్ని ఎంత కావాలంటే అంత తగ్గించొచ్చు, నాయిస్ అలాగే ఉన్నా సరే. బ్యాండ్‌విడ్త్ ఎంతైనా వాడుకోవచ్చు అనుకుంటే ఈబీ బై ఎన్‌నాట్ మైనస్ 1.59 డీబీ వరకూ దిగొచ్చు, దానికింద మాత్రం ఎవరి వల్లా కాదు. కోడ్ లేని బీపీఎస్‌కేకి లక్ష బిట్లకి ఒక తప్పు రావాలంటే 9.6 డీబీ కావాలి, ఈ రెండింటి మధ్యా 11 డీబీల పైనే ఖాళీ ఉంది. ఆ ఖాళీని పూడ్చడానికి 45 ఏళ్లు పట్టింది. 1993లో బెరూ, గ్లావ్యూ, తితిమాజ్‌షిమా టర్బో కోడ్‌లు తెచ్చినప్పుడు సగం రేటు కోడ్‌తో (పంపే రెండు బిట్లకి ఒకటే సమాచార బిట్) అదే లక్షకి ఒక తప్పుని 0.7 డీబీ దగ్గర సాధించారు, ఆ రేటుకి షానన్ గీత 0 డీబీ. మళ్లీ ధర చూడు: 65,536 బిట్ల బ్లాకు, 18 సార్లు తిప్పి తిప్పి డీకోడ్ చెయ్యడం. బ్లాకు మొత్తం వచ్చేదాకా ఆగాలి, ఫోన్‌లో మాట్లాడుకునే ఇద్దరికి అంత ఆలస్యం కుదరదు. గల్లాగర్ 1960ల మొదట్లోనే ఎల్‌డీపీసీ అనే ఇంకో రకం కోడ్‌లు కనిపెడితే, దశాబ్దాల పాటు పెద్దగా ఎవరూ వాడలేదు, అన్ని లెక్కలు చేసే యంత్రాలు అప్పుడు లేవు, ఇప్పుడు 5జీ డేటా నడిచేది వాటి మీదే. నీ వ్యాసంలో ఈ కథకి రెండు పేరాలైనా ఇవ్వు.

సిమ్యులేషన్ మళ్లీ చేసేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. నాయిస్ కాంప్లెక్స్ అయితే రియల్‌కి సగం, ఇమాజినరీకి సగం వేరియన్స్ (నాయిస్ పవర్) వెయ్యాలి, రెండిటికీ పూర్తిగా వేస్తే గ్రాఫ్ మొత్తం 3 డీబీ పక్కకి జరుగుతుంది, ఆకారం మాత్రం చక్కగా ఉంటుంది కాబట్టి కంటికి పట్టుబడదు. కోడ్ లేని కర్వ్ వేసి 9.6 దగ్గర లక్షకి ఒకటి వస్తోందో లేదో ముందు చూసుకో. రెండోది, తప్పులు ఎన్ని లెక్కపెట్టావో చూడు. నీ గ్రాఫ్ కుడివైపు చివర వంకరటింకరగా ఉంది, అక్కడ పట్టుమని పది తప్పులు కూడా పడి ఉండవు. 100 తప్పులు పడితే అంచనా 10 శాతం అటూ ఇటూ ఉంటుంది, ఇదీ ఆ రూట్ ఎన్ లెక్కే, అంటే పది లక్షలకి ఒకటి చూపించాలంటే 10 కోట్ల బిట్లు నడపాలి. రాత్రంతా నడవనివ్వు, లేదంటే ఆ పాయింట్లు తీసెయ్, అనుమానం ఉన్న పాయింట్ గ్రాఫ్‌లో ఉంచడం చదివేవాడికి అన్యాయం.

చివర్లో పెన్జియాస్, విల్సన్ కథ పెట్టావు (ఎంతకీ పోని యాంటెనా నాయిస్‌ని వెంటాడి, విశ్వం మొదట్లో ఉన్న వేడి మిగులుని కనుక్కున్నవాళ్లు), యాంటెనాలోని పావురాల రెట్టతో సహా. అందరూ ఆ రెట్ట దగ్గరే ఆగిపోతారు, నువ్వు కూడా. వాళ్లు ఆ నాయిస్‌ని గుర్తుపట్టగలిగింది లెక్క తేల్చుకున్నారు కాబట్టి: 4080 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశం ఎంత, యాంటెనా లోపలి నష్టాలు ఎంత, నేల ఎంత అని ఒక్కోటీ కెల్విన్లలో (ఎంత వేడి రెసిస్టర్ అంత నాయిస్ ఇస్తుందో ఆ లెక్కలో) రాసుకుని తీసేస్తే ఇంకా 3.5 కెల్విన్ మిగిలింది, ఎటు తిప్పినా అంతే, పగలూ రాత్రీ అంతే. ప్రతి భాగానికీ పక్కన అంకె లేకపోతే ఆ మిగులు కనపడేదే కాదు. దీన్ని చివర నుంచి తీసి, థర్మల్ నాయిస్ చెప్పిన వెంటనే పెట్టు, అక్కడైతే పాఠకుడికి కెల్విన్ లెక్క తాజాగా ఉంటుంది.

కాల్మన్ ఫిల్టర్ సెక్షన్ తీసెయ్, అది వేరే వ్యాసం అవుతుంది, ఇక్కడ ఇరుక్కుని ఉంది. నాలుగో బొమ్మలో మూడు కర్వ్‌లు కావాలి నాకు: కోడ్ లేనిది, మెజారిటీ తీసిన రిపిటీషన్, కూడి తేల్చిన రిపిటీషన్, మూడూ ఒకే ఈబీ బై ఎన్‌నాట్ స్కేల్ మీద. మొదటిదీ మూడోదీ ఒకదాని మీద ఒకటి పడాలి. పడ్డాక ప్రోగ్రామ్ కోడ్‌తో సహా పంపు, ర్యాండమ్ సీడ్ (అవే ర్యాండమ్ అంకెలు మళ్లీ రప్పించే నంబరు) కూడా అందులోనే రాసి ఉంచు, నేను ఇక్కడ నడిపి చూస్తా.

ఉంటా మరి,
అన్నయ్య