చట్రంపై చట్రం, ఆపైన కాగితపు పూలు: లోతు రావాలంటే?

రెండు అట్ట చట్రాలను ఒకదానిపై ఒకటి అతికించి, మూలన కాగితపు పూలు పెట్టినా అంతా చదునుగానే కనిపిస్తోందేమని అడిగారు. లోపం పూలలో లేదు. కంటికి లోతును చూపేది నీడ కాబట్టి, పై చట్రానికీ కింది చట్రానికీ నడుమ కాస్త ఎడం ఉంటేనే పై అంచు నీడ కింది పొర మీద పడి, పొరలు విడివిడిగా తెలుస్తాయి. ఆ ఎడానికి ఫోమ్ టేపు (రెండు వైపులా అంటుకునే మందపాటి స్పాంజి టేపు) ముక్కలు చాలు. పాత పార్శిల్ పెట్టె అట్టను సన్నగా కోసినా సరిపోతుంది.

తిరుపతిలో నేను చేసే పటాలకు అడుగున శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ ముక్కను పరుస్తాను. దాని గీతలే నిండుగా ఉంటాయి గనుక పై చట్రం సాదాగా ఉండటమే నాకు నచ్చుతుంది.

పూల విషయంలో తొందర పనికిరాదు. పువ్వు ఆకారంలో కత్తిరించిన కాగితాన్ని అరచేతిలో పెట్టి చెంచా వెనుక భాగంతో నడుమ మెల్లగా రుద్దితే అది దొప్పలా వంగుతుంది. అలాంటివి మూడు పరిమాణాల్లో చేసి, పెద్దదానిపై చిన్నది వచ్చేలా, పై రేకులు కింది రేకుల మీద కాక వాటి సందుల్లో పడేలా, నడిబొడ్డున మాత్రమే అతికించాలి. అంచులకు జిగురు తగిలిందా, పువ్వు మళ్లీ బల్లపరుపే. తెల్ల జిగురులోని నీరు పలుచటి కాగితాన్ని ముడతలు పడేలా చేస్తుంది కాబట్టి చీపురుపుల్ల కొనతో చుక్కంత పెడితే చాలు. ఆకులను మాత్రం పై చట్రం అతికించక ముందే దాని కిందికి దూర్చి ఉంచాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇక్కడి వానల తేమకు రేకులు వాలిపోతాయి. అందుకని అద్దం వేయించదలిస్తే, దేవుడి పటాలకు కట్టే మామూలు ఫ్రేము పూలను అణిచేస్తుంది; పూల ఎత్తుకన్నా లోతైన పెట్టె ఫ్రేము చేయించుకోండి.